అన్నియుఁ గలిపిన యద్దె

"కరెంటు, నీళ్లు అన్నీ అద్దెలోనే" యను మాట ఇల్లు చూడఁబోయిన గృహిణి చెవికి చల్లగాఁ దోఁచును. నెలకొక్క మొత్తము చెల్లించినఁ జాలును. బిల్లుల వెంటఁ దిరుగఁ బనిలేదు. నిర్ణీతమైన జీతముతో గడుపుకొను కుటుంబమున కిది నెమ్మదియే. అయినను, సోదరీమణులారా, ఇంటివారు వీనిని ఉచితముగా నిచ్చుట లేదు. మన వాడుక నూహించి, దాని వెలను ముందుగనే యద్దెలోఁ గలిపియుందురు. పసిపిల్లలు, వృద్ధులు ఉండి పగలెల్ల పంఖాలు తిరుగు నింటికి ఈ పద్ధతి లాభింపవచ్చును. ఆలుమగ లిరువురును ఉదయమే ఉద్యోగములకుఁ బోవు నింటివారో, తాము వాడని దానికిఁ గూడ వెల యిచ్చుచుందురు. వారి పొదుపు ఫలము ఇంటివారికే చెందును.

కొలత తెలిసికొనుట కష్టము కాదు. వేయి వాట్ల సాధనము గంటసేపు నడచిన నొక యూనిటు. 75 వాట్ల పంఖా సుమారు 13 గంటలు తిరిగినను, 2,000 వాట్ల గీజరు అరగంట పనిచేసినను ఖర్చగునది యొక్క యూనిటే.

ముఖ్యముగాఁ జూడవలసినది మీటరు. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇండ్ల కరెంటు ధర మెట్ల వరుసవంటిది. వాడుక పెరిగినకొలఁది యూనిటు వెల హెచ్చును. ఒకే మీటరుమీఁద రెండు కాపురము లున్నచో నుభయుల యూనిట్లును గలిసి పై మెట్టెక్కును. ఆ భారము తుదకు అద్దెలోనే చేరును. తెలంగాణమున 2024 మార్చిలో అమలునకు వచ్చిన గృహజ్యోతి పథకము రేషను కార్డుగల అర్హులకు నెలకు 200 యూనిట్లవఱకు ఉచితముగా నిచ్చినది, అద్దెకున్నవారికిని వర్తింపఁజేసినది. కాని చెఱి 120 యూనిట్లు వాడు రెండు కుటుంబములకు మీటరొక్కటే యైన లెక్క 240 యగును; ఆ మేలు ఇరువురకును దక్కదు.

కావున బయానా యియ్యక మునుపే యడుగుఁడు. మీటరు వేఱా, ఉమ్మడియా? ఎన్ని యూనిట్లవఱకు అద్దెలోఁ జేరును? మించినచో యూనిటు వెల యెంత? మోటారు, మెట్లదీపముల ఖర్చు ఇందులోనిదేనా? వేసవిలో బోరెండి ట్యాంకరు తెప్పించిన, ఆ సొమ్మెవ్వరిది? మీటరు ఉమ్మడిదైనచో మీ వాటాకు సబ్‌మీటరు పెట్టింపుఁడు. ప్రతినెల ఒకటవ తేదీన ఇంటివారి యెదుటనే అంకెను వ్రాసికొనుఁడు. ఈ షరతులన్నియు అద్దె కాగితములో నెక్కవలయును. నోటిమాట తొలి వేసవివఱకే నిలుచును.