వాము తగ్గించిందా? విశ్రాంతి తగ్గించిందా?

ముప్పది సంవత్సరాలుగా ఆయుర్వేద వైద్యవృత్తిలో ఉన్న నేను, నా ఛాతీలో కలిగిన బరువును మూడు మాసాలపాటు వాయువుగానే భావించాను. భోజనానంతరం మేడమెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ మధ్యభాగం పట్టివేసినట్లుండేది. వెంటనే కూర్చుని, వాము, సైంధవ లవణం కలిపి నమిలి, గోరువెచ్చని నీరు త్రాగేవాణ్ణి. అయిదు నిమిషాలలో బాధ శమించేది. ఔషధం పనిచేసిందని తృప్తి చెందేవాణ్ణి.

ఒకనాడు వాము అందుబాటులో లేదు. ఊరికే కూర్చున్నాను. అయినా అయిదు నిమిషాలలోనే నొప్పి తగ్గింది! ఇన్నాళ్లూ నన్ను ఆదుకొన్నది వాము కాదు, విశ్రాంతి అని అప్పుడు బోధపడింది. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే నొప్పిని హృదయసంబంధమైనదిగా మొట్టమొదట అనుమానించాలి. రోగులకు చెప్పే ఈ మాటను నా విషయంలో నేనే విస్మరించాను.

మరునాడే హృద్రోగ నిపుణుణ్ణి కలిశాను. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి.లో దోషమేదీ కనిపించలేదు. ఇందులో ఆశ్చర్యం లేదు. పూడిక పడిన కాలువ ఒక మడికి నీరందించగలదు. ఆయకట్టు అంతటికీ ఒకేసారి కావలసివస్తే చాలదు. అదేవిధంగా, గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులు సన్నబడినా, విశ్రాంతిలో లోటు తెలియకపోవచ్చు, శ్రమలో బయటపడుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షకు ఆధారమైన సూత్రమిదే.

పరీక్షా విధానం

విరివిగా వాడుకలో ఉన్న పద్ధతిని అమెరికాలోని సియాటిల్‌కు చెందిన వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1960లలో రూపొందించారు. ఛాతీకి ఇ.సి.జి. తీగలు అమర్చి, కదిలే పట్టాపై నడిపిస్తారు. ఆరంభంలో వేగం గంటకు 2.7 కిలోమీటర్లు, వాలు 10 శాతం. ప్రతి 3 నిమిషాలకు రెండూ పెరుగుతాయి. 220 నుండి వయస్సును తీసివేయగా వచ్చిన సంఖ్యలో 85 శాతానికి నాడీవేగం చేరడం సాధారణ లక్ష్యం. నాకు 60 ఏళ్లు గనుక అది 136.

మూడవ దశలో, నాడి 124 వద్ద ఉండగా, మెట్లపై కలిగిన ఆ బరువే తిరిగి వచ్చింది. ఇ.సి.జి.లో ఎస్.టి. భాగం 2 మిల్లీమీటర్లు క్రిందికి దిగింది. 1 మిల్లీమీటరు దిగినా అనుమానించవలసిందే. వైద్యుడు వెంటనే పరీక్ష ఆపించారు. అనంతరం తీసిన యాంజియోగ్రామ్‌లో ఒక ప్రధాన ధమని 80 శాతం మూసుకొని ఉన్నట్లు తేలింది. స్టెంటు అమర్చారు, మందులు క్రమం తప్పక వాడుతున్నాను.

పాఠకులు గమనించవలసినవి

ఈ పరీక్ష తుది తీర్పు కాదు. వ్యాధి ఉన్న కొందరిలో బయటపడదు; లేని కొందరిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఉన్నట్లు చూపవచ్చు. కనుక వయస్సు, మధుమేహం, రక్తపోటు, పొగాకు అలవాటు, నొప్పి తీరు అన్నింటితో కలిపి ఫలితాన్ని పరిశీలించాలి. అవసరమైతే ఇతర పరీక్షలు చేయిస్తారు.

పరీక్షకు ముందు కడుపునిండా భుజించరాదు. కాఫీ, పొగ మానాలి. చూర్ణాలు, కషాయాలతో సహా వాడుతున్న మందులన్నీ వైద్యునికి తెలపాలి. ఏ మందునూ స్వయంగా ఆపరాదు.

విశ్రాంతిలో ఉన్నా తగ్గని ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం, చేతికి గాని దవడకు గాని ప్రాకే నొప్పి ఉంటే అది ట్రెడ్‌మిల్ పరీక్షకు సమయం కాదు. తక్షణం ఆసుపత్రికి చేరాలి.

హృదయానికి హితకరమని మన శాస్త్రం చెప్పిన తెల్లమద్ది బెరడుపై నాకు గౌరవం తగ్గలేదు. కాని మూసుకొన్న ధమనిని అది తెరుస్తుందని ఎవరికీ చెప్పను. ముందుగా రోగాన్ని పరీక్షించి, పిదప ఔషధాన్ని నిర్ణయించాలని చరకుడే బోధించాడు. నా వద్దకు ‘గ్యాసు నొప్పి’ అని వచ్చేవారిని ఇప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “మెట్లెక్కితే వస్తోందా? కూర్చుంటే తగ్గుతోందా?”