పెద్దల ఆరోగ్యం: ఫోను చేతికిస్తే సరిపోదు

ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతూ ఉంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వృద్ధాప్యంలో తీరిక సమృద్ధిగా లభిస్తుంది. ఆరోగ్యం మాత్రం తరుగుతూ ఉంటుంది. ఆ తీరికను ఆరోగ్య రక్షణకు వినియోగించటంలో మొబైల్ ఫోను ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలిద్దాం.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ముస్లిం కుటుంబాలలో ఒక మార్పును మేము గమనిస్తున్నాము. బిడ్డలు ఉపాధి కోసం హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళుతూ తల్లిదండ్రుల చేతికి స్మార్ట్‌ఫోను ఇచ్చి వెళుతున్నారు. అడుగులు లెక్కించే యాప్, మందుల వేళను గుర్తుచేసే అలారం అందులో ఉంటాయి. అయినప్పటికీ దాదాజాన్ కుర్చీ దిగరు. వీడియోలు చూస్తూ మరింతసేపు కూర్చుంటారు.

పశ్చిమ గోదావరి నేర్పిన పాఠం

మన రాష్ట్రంలోనే ఈ విషయమై ఒక పెద్ద ప్రయోగం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాలలో ‘స్మార్ట్‌హెల్త్’ కార్యక్రమం నడిపారు. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లతో ఇంటింటికీ వెళ్లి, 40 ఏళ్లు పైబడినవారి రక్తపోటు కొలిచి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారిని వైద్యుల వద్దకు పంపారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. రక్తపోటు అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో ఈ కార్యక్రమం వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీని నుండి మేము గ్రహించేది ఒక్కటే. ముప్పు ఉన్నదని యంత్రం చెప్పగలదు. ప్రతిరోజూ మాత్ర వేసుకునేలా చూడటం, చేయి పట్టి నడిపించటం ఇంటివారి పని.

నమాజు వేళలతో నడక

65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, పడిపోకుండా శరీరాన్ని నిలదొక్కుకునే వ్యాయామాలు వారంలో మూడు రోజులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఫజ్ర్, అస్ర్, ఇషా నమాజుల తర్వాత పదేసి నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తవుతాయి. డెల్టా ప్రాంతపు ఎండలో, ఉక్కపోతలో మధ్యాహ్నపు నడక తగదు. మోకాళ్ల నొప్పితో కుర్చీపై నమాజు చేసేవారు ఎంత నడవాలో వైద్యుని అడిగి మొదలుపెట్టాలి.

రోజుకు పదివేల అడుగులు నడవలేకపోతున్నామని కొందరు నిరాశ పడుతుంటారు. ఆ సంఖ్య 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల కొలమానం పేరు నుండి వ్యాపించింది. అది వైద్యులు విధించిన నియమం కాదు. నిన్నటికంటే నేడు కొంచెం ఎక్కువ నడిస్తే చాలు. ఫోను జేబులో ఉండాలి. బల్లపై పెట్టి వెళ్తే అది అడుగులు లెక్కించదు.

అందుబాటులో ఉన్న సేవలు

‘ఈ-సంజీవని’ ద్వారా ఊరి ఆరోగ్య కేంద్రం నుండే వైద్యునితో వీడియోలో మాట్లాడవచ్చు. 104 సంచార వైద్య వాహనం గ్రామాలకు వస్తుంది. వృద్ధుల కోసం 14567 ఉచిత సహాయ సంఖ్య ఉన్నది. వాట్సాప్‌లో వచ్చిన చిట్కాను నమ్మి బీపీ, షుగర్ మాత్రలు మానివేయటం ప్రాణాంతకం కావచ్చు. వైద్యుని అడగకుండా ఏ మందూ మానకూడదు.

తల్లిదండ్రులు వార్ధక్యానికి చేరినప్పుడు వారిపట్ల ఎలా మెలగాలో బనీ ఇస్రాయీల్ సూరా మనకు బోధిస్తుంది. దూరాన ఉన్న కుమారుడు ఫోనులో “భోజనం చేశారా?” అని అడగటంతో ఆగక, “అబ్బాజాన్, ఈ రోజు నడిచారా? మాత్ర వేసుకున్నారా?” అని కూడా అడగాలి. ఇంటి వద్దనున్న మనుమడు ఆ పది నిమిషాలు తాతగారితో కలిసి నడవాలి. అప్పుడే ఆ ఫోను ప్రయోజనం నెరవేరుతుంది.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు వారి సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.