రెండు తెరలు – ఒకే బల్ల

పుదుచ్చేరి పట్టణాన్ని తెలుగుతో ముడివేసినది యానాం. 1962 ఆగస్టు 16న ఈ పట్టణంతో పాటే చట్టరీత్యా భారతదేశంలో విలీనమైన యానాం, ఎక్కడో దూరాన గోదావరి తీరంలో ఉన్నది. అందువలన ఒకే విషయాన్ని ఆంగ్లంలోనూ, తెలుగులోనూ సరిచూడవలసిన అవసరం ఇక్కడి తెలుగు ఉద్యోగులకు కలుగుతూ ఉంటుంది.

ల్యాప్‌టాప్ చిన్న తెరపై ఒక ప్రతిని మూసి మరొకటి తెరచే లోపల చూపు తప్పవచ్చును. ఒక్క సున్న జారినచో మొత్తమే మారిపోవును. ఈ చిక్కును తీర్చే రెండవ మానిటరును గురించి మేమిక్కడ వివరించదలచినాము.

ముందుగా రెండింటి పోర్టులను పరిశీలించవలెను. 1987లో వచ్చిన వీజీఏ బొమ్మను మాత్రమే చేరవేయును. హెచ్‌డీఎంఐ ధ్వనిని కూడా మోయును. ఒకదాని నుండి మరొకదానికి కలుపుటకు కన్వర్టరు అవసరము. యూఎస్‌బీ-సీ పోర్టులన్నీ బొమ్మను పంపవని గుర్తుంచుకొనవలెను.

కేబులు తగిలించి, విండోస్ మీటతో పాటు ‘పి’ నొక్కినచో నాలుగు మార్గములు కనిపించును. ‘డూప్లికేట్’ రెండు తెరలపైనా ఒకే బొమ్మను చూపును. మన పనికి కావలసినది ‘ఎక్స్‌టెండ్’. దానివలన ఒక్కొక్క తెరపై ఒక్కొక్క ప్రతిని ఉంచవచ్చును. బొమ్మ రాకున్నచో మానిటరుపై ఇన్‌పుట్ మీటతో సరియైన పోర్టును ఎంచుకొనవలెను. సెట్టింగులలో తెరల కుడి ఎడమలు బల్లపై ఉన్నట్లే ఉండవలెను. లేనిచో మౌసు బాణము ఎదురు దిక్కున పోవును.

మన ఇండ్లలో మూలబడిన పాత మానిటరు పనిచేయు స్థితిలో ఉన్నచో, పిల్లల పాఠములకు సైతము అది మరల అక్కరకు రాగలదు.