ముగ్గురు పిల్లలు, ఒక భోజనాల బల్ల

పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నామంటే మన సభ్యులు మొదట అడిగేది, "చట్టం ఒప్పుకుంటుందాండీ?" అని. 1993 నాటికే అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఒప్పుకుంది. పద్ధతులే వేరు. టెక్సాస్‌లో ఉన్నన్నాళ్ళూ మేము ఎవరికీ ఒక్క కాగితం ఇవ్వలేదు. న్యూయార్కు రాష్ట్రానికి మారాక బడి ఈడు పిల్లలు ఒక్కొక్కరికీ వేరే ప్రణాళిక, ఏడాదికి నాలుగు నివేదికలు, ఆరో తరగతి దాకా 900 గంటల చదువు!

180 రోజులకు పంచితే రోజుకు 5 గంటలు. ముగ్గురికీ మూడు వరుసల టైంటేబిలు గీసి ఫ్రిజ్‌కు అంటించాను. పదేళ్ళ పెద్దదాని భిన్నాలతో సగం పొద్దు, నాలుగేళ్ళ చంటిదాని పేచీలతో మిగతా సగం గడిచేవి. ఏడేళ్ళవాడు అల్లరి చెయ్యడు. కిటికీలోంచి ఉడతలను చూస్తూ కూర్చునేవాడు. మొదటి నివేదికలో వాడి "చదవడం" దగ్గర నా కలం ఆగిపోయింది. చిన్న చిన్న మాటలే కూడబలుక్కుంటున్నాడు.

టైంటేబిలు చింపేశాను. ఇప్పుడు పొద్దున్నే, మిగతా ఇద్దరూ లేవకముందు, అరగంట వాడికే. లెక్కలు ఎవరివి వారికి. చరిత్ర, సైన్సు ముగ్గురికీ ఒకటే పాఠం. నేను పైకి చదువుతాను. పెద్దది ఒక పేజీ రాస్తుంది, వాడు నోటితో చెబుతాడు, చంటిది బొమ్మ వేస్తుంది. తెలుగు మాత్రం నేను చెప్పను. బియ్యం పళ్ళెంలో తమ్ముడిచేత గుణింతాలు దిద్దించడం అక్క పని. (దిద్దించేదానికే ఒత్తులు బాగా వచ్చేశాయి.) శుక్రవారం మధ్యాహ్నం ఏమీ పెట్టను, జ్వరాలకూ లైబ్రరీకీ అది కావాలి. మావారు "గంటలు చాలతాయా?" అంటారు. శనివారం ఉండనే ఉంది.

రెండో నివేదికలో వాడి "చదవడం" కింద నాలుగు పంక్తులు రాశాను.