పాత్రధారియు ప్రత్యయమును: డాక్టరు ప్రభాకరరెడ్డి నటజీవితము

పాత్రశబ్దమునకు భాజనమని ముఖ్యార్థము. పానార్థకమగు పా ధాతువుపై ఔణాదికమగు ష్ట్రన్ ప్రత్యయము చేరఁగా నీ రూపము సిద్ధించును. వేషధారిని పాత్రమనుట మిక్కిలి యుచితము. కవి పోసిన రసమును నిలిపి ప్రేక్షకున కందించుటయే వాని పని. తనకై యేమియు మిగుల్చుకొనరాదు.

మన యాలంకారికులు నాయకు నొక్కనినే గణించి యూరకుండలేదు. పతాక యను ప్రాసంగికవృత్తమునకు నాయకుఁడగువానిని దశరూపకము పీఠమర్దుఁడనుచున్నది. రామకథలో సుగ్రీవుఁ డిట్టివాఁడు. చలనచిత్రములలో తండ్రిగా, అన్నగా, గ్రామపెద్దగా, ప్రతినాయకుఁడుగాఁ గనఁబడు క్యారెక్టరు నటుఁడు పీఠమర్దునికి సరిగా సమానుఁడు కాకపోయినను, నాయకేతరుఁడై కథను మోయుటలో వానికి బంధువే.

జనగామ జిల్లాలోని చిల్పూరునకు దక్షిణముగా, నేఁడు సూర్యాపేట జిల్లాలోఁ జేరిన తుంగతుర్తి కలదు. డాక్టరు మందాడి ప్రభాకరరెడ్డి 1935వ సంవత్సరమున, ఆ సీమ నిజాము రాజ్యములో నున్న కాలమున, అచ్చట జన్మించెను. హైదరాబాదులోని ఉస్మానియా వైద్యకళాశాలలోఁ జదివి వైద్యుఁడయ్యెను. 1960లో వెలువడిన 'చివరకు మిగిలేది' చిత్రమున దర్శకుఁడు గుత్తా రామినీడు ఈయనకుఁ దొలి యవకాశ మొసంగెను. సావిత్రి దాదిగా నటించిన యా కథ మానసిక రోగుల చికిత్సను గూర్చినది. వైద్యుఁడు చికిత్సాలయ కథతోనే వెండితెరకు వచ్చుట విశేషము.

స్థిరమైన గౌరవమును జీవనమును గల వృత్తిని విడిచి, ప్రకటనలలో మొదటఁ గానరాని పేరునకై యొకఁ డేల పోవలెను? ఆయన చేసిన పనియే దీనికి సమాధానము. 400లకు మించిన చిత్రములలో నటించెను. అంతటితో నాగక కథలను గూడ వ్రాసెను. కృష్ణ, ఎస్. వి. రంగారావు, గుమ్మడి, జమున ప్రభృతులు నటించిన 'పండంటి కాపురం' 1972లో వెలువడి, ఉత్తమ తెలుఁగు చిత్రముగా జాతీయ పురస్కారమును బడసెను. దాని కథ ఈయనదే. 1979 నాటి 'కార్తీకదీపం' కథయు నీయనదే. ఏ యుపపాత్రము తొలఁగిన నే ఘట్టము కూలునో కథకునకుఁ దెలియును. కావున నీయన తనకు లభించిన చిన్న వేషమును జిన్నగాఁ జూడలేదు. 'యువతరం కదిలింది' (1980), 'పల్లె పిలిచింది' (1981) చిత్రములలోని నటనకు నంది పురస్కారములు లభించినవి.

వ్యాకరణమున నొక మర్యాద కలదు. కేవల ప్రకృతి ప్రయోగమునకుఁ దగదు; కేవల ప్రత్యయమును దగదు. రెండును గూడిననే పదము. నాయకుఁడు ప్రకృతి వంటివాఁడు. అర్థమంతయు వానియందే యున్నట్లు తోఁచును. కాని ప్రత్యయము లేనిచో నా యర్థము వాక్యములో నిలువదు. ప్రభాకరరెడ్డి వంటి నటుల స్థాన మట్టిది.

తెరవెనుక శ్రమించువారును ఈ ప్రత్యయముల వంటివారే. ఆయన వారిని మఱువలేదు. హైదరాబాదు చేరువనున్న మణికొండలో చలనచిత్ర కార్మికుల నివాసములకై పది యెకరముల భూమి నిచ్చెను. అచ్చటి చిత్రపురి కాలనీ ఆయన పేరనే వెలసినది. 1997 నవంబరు 26వ తేదీన ఆయన పరమపదించెను.

నాయకుల చరిత్రలు వ్రాయువారికిఁ గొదువ లేదు. ఉపపాత్రధారుల చరిత్రలు మాత్రము వారిని జూచినవారితోనే యంతరించుచున్నవి. నాటకవాఙ్మయ చరిత్రమును సంగ్రహింపఁ బూనినవారు వీరిని అనుబంధములలోఁ గాక, గ్రంథములోనే చేర్పవలయును.