బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నీటి జెల్ పనిచేస్తుందా? (వీడియో)

మొక్కల పాదుల్లో వేసే నీటి జెల్ గురించి ఈమధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు. "వేసవిలో తడి ఆలస్యమైనా మొక్క బతుకుతుందంట కదా, కొనమంటారా?" అని. ముందు మీ బోరు నీళ్ల సంగతి చెప్పండి అంటున్నాను.

పై వీడియోలో రెండు గ్లాసులు చూడండి. రెండింట్లోనూ చిటికెడు పాలీఅక్రిలేట్ జెల్ పొడే. వాన నీళ్లు పోసిన గ్లాసులో బాగా ఉబ్బింది. ఉప్పు బోరు నీళ్లు పోసిన దాంట్లో అడుగునే ఉండిపోయింది.

కారణం ఇదీ. జెల్ అంటే పొడవాటి గొలుసులతో అల్లిన వల. గొలుసు పొడవునా మైనస్ ఆవేశం ఉంటుంది. మైనస్‌కి మైనస్ పడదు కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుని గొలుసు సాగుతుంది. వాటిని అంటిపెట్టుకున్న పొటాషియం అయాన్లు బయటకు పోలేక నీళ్లనే లోపలికి లాగుతాయి. అదే నీళ్లలో ఉప్పు ఉంటే? సోడియం అయాన్లు ఆ మైనస్‌లను కమ్మేస్తాయి, నెట్టుడు తగ్గి గొలుసు ముడుచుకుంటుంది. బయటా ఉప్పే కాబట్టి నీళ్లను లాగే బలమూ పడిపోతుంది. మంచి నీటిలో 300 రెట్లు పీల్చే జెల్, లీటరుకు 9 గ్రాముల ఉప్పున్న నీటిలో 50 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. మన బోర్లు సాధారణంగా అంత ఉప్పగా ఉండవనుకోండి. కానీ పాదు ఎండేకొద్దీ మట్టిలో ఉప్పు చిక్కబడుతుంది, జెల్ అవసరం పడేది కూడా సరిగ్గా అప్పుడే.

సోడియం కంటే కాల్షియం మొండిది. దానికి రెండు ప్లస్‌లు. రెండు గొలుసులను కలిపి కుట్టేస్తుంది. తర్వాత వాన పడ్డా జెల్ మునుపటంత ఉబ్బదు. బిందెలకు తెల్లటి పొర కట్టే నీళ్లున్నవాళ్లు ఇది గమనించాలి. (చౌడు నేలలో జిప్సం వేసినప్పుడు ఇదే కాల్షియం మట్టి రేణువులను దగ్గరకు చేర్చి మేలు చేస్తుంది. చోటుని బట్టి గుణం!)

నా మటుకు నేను ఆ డబ్బు ఆచ్ఛాదనకే పెడతాను. పాలీఅక్రిలేట్ పెట్రోలియం సరుకు, మన పద్ధతిలో ఇమడదు. ఎండుగడ్డి అయితే ఉప్పు నీళ్లకు ముడుచుకోదు, పైగా ఆవిరి తగ్గి ఉప్పు పైకి తేలడమూ తగ్గుతుంది.

కొనాలనే అనుకుంటే, శాంపిల్ పొడి తెచ్చి మీ బోరు నీళ్లలో, వాన నీళ్లలో సమానంగా వేసి రెండు గంటలు ఉంచండి. గుడ్డలో వడకట్టి తూయండి. ఎంత తేడా వచ్చిందో, మీ నీళ్ల ఈసీ ఎంతో వీడియో కింద రాయండి.