మినికాయ్ దీపస్తంభం

నావికునికి కొండ మంచి చుట్టం. విశాఖపట్నం రేవుకు వచ్చే ఓడలకు డాల్ఫిన్స్ నోస్ కొండ పగటివేళ ఎంతో దూరం నుండి ఆనవాలుగా నిలుస్తుంది. రాత్రివేళ ఆ కొండపైని దీపస్తంభం దారి చూపుతుంది. దీపానికి కావలసిన ఎత్తును కొండే సమకూర్చింది కనుక అక్కడ గోపురం పొట్టిగా ఉన్నా సరిపోయింది. ప్రకృతి అటువంటి సాయమేదీ చేయని చోటు అరేబియా సముద్రంలోని మినికాయ్.

లక్షద్వీప సముదాయంలో దక్షిణపు కొసన, కొచ్చికి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉన్న పగడపు దీవి ఇది. పొడవు సుమారు 10 కిలోమీటర్లు. ఎత్తు సముద్రమట్టానికి కొద్ది మీటర్లు మాత్రమే. ఇక్కడివారు మాట్లాడే మహల్ భాష మాల్దీవుల భాషకు చెందినది.

అనుమతి పత్రం పొంది, కొచ్చి నుండి ఓడలో ఈ దీవికి చేరడమే ప్రయాసతో కూడిన పని. ఆపైన గ్రామాల నుండి నైరుతి భాగంలోని దీపస్తంభం దాకా సాగే నడక మిక్కిలి సులభం. దారి పొడవునా కొబ్బరి చెట్ల నీడ. ఎక్కవలసిన మిట్ట గాని, దిగవలసిన పల్లం గాని లేవు. పసిపిల్లలు సైతం అలసట లేకుండా నడవగలరు.

బాటసారికి సుఖమైన ఈ చదునే ఓడలకు ప్రాణాంతకమైంది. భూమి గుండ్రంగా ఉండడం వలన దూరపు వస్తువులు దిఙ్మండలం చాటున మరుగుపడతాయి. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఎంత దూరం కనబడేదీ కిలోమీటర్లలో తెలుస్తుంది. నీటికి 9 మీటర్ల ఎత్తున నిలిచిన నావికుని చూపు సుమారు 11 కిలోమీటర్లకే ఆగుతుంది. నీటిమట్టానికి ఇంచుమించు సమానంగా ఉన్న పగడపు దిబ్బ చీకటిలో అసలే కనబడదు. అల విరిగిన చప్పుడు వినబడేసరికి ఓడను మళ్లించే వ్యవధి ఉండదు. అదే 40 మీటర్ల ఎత్తున దీపం వెలిగితే 30 కిలోమీటర్లకు పైగా దూరం నుండే కనబడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఓడకు అది గంటన్నర వ్యవధి.

1869లో సూయజ్ కాలువ తెరచుకున్న తరువాత ఐరోపా నుండి కొలంబోకు, ఆపై తూర్పు దేశాలకు సాగే ఆవిరి ఓడలు ఈ దారినే పట్టాయి. మినికాయ్‌కి ఉత్తరాన తొమ్మిది డిగ్రీల ఛానెల్, దక్షిణాన ఎనిమిది డిగ్రీల ఛానెల్ ఉన్నాయి. అక్షాంశాల పేర్లతో పిలువబడే ఈ రెండు నౌకామార్గాల నడుమ దీవి అడ్డుగా నిలిచింది. అందుచేత ఆంగ్లేయ ప్రభుత్వం 1885లో ఇక్కడ 40 మీటర్లకు మించిన గోపురాన్ని నిర్మించింది. కొండ లేని లోటును మనుషులు పూరించవలసి వచ్చిందన్నమాట!

అయినా దీపం ఒక్కటే ప్రమాదాలన్నిటినీ ఆపుతుందనుకోవడం పొరపాటు. ఈ దిబ్బల వద్ద మునిగిన ఆవిరి ఓడల శిథిలాలను సముద్ర పురావస్తు శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఇక మినికాయ్ పురుషులు తరతరాలుగా పేరుపొందిన నావికులు. వారిలో పలువురు దేశదేశాల వాణిజ్య నౌకలపై పనిచేశారు. పరదేశపు ఓడల కోసం వెలిగించిన దీపం ఈ దీవి బిడ్డలకు ఇంటి గుర్తు కూడా అయింది.

గోపురం పైనుండి చూస్తే దీవి యావత్తూ కొబ్బరాకుల పచ్చని పట్టీలా కనిపిస్తుంది. పడమట లోతు తక్కువైన లేత నీలి నీరు, దాని కావల కడలి ముదురు నీలం. ఆ రెండింటి మధ్య తెల్లని నురుగు గీత ఒకటి సాగుతుంది. రాత్రివేళ ఓడలకు కనబడని దిబ్బ అదే.